గోదావరిలో ఈత: తెలిసిన రేవు, తెలియని లోతు

(కార్తీక వనభోజనాల ఏర్పాట్ల గురించి జరిగిన మన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన సమావేశంలో డి.ఎ. బకాయిల మీద, హెల్త్ కార్డుల మీద రెండు గంటలు చర్చించుకున్నాం. చివరన కార్యదర్శిగారు లేచి, ఈ కార్తీకంలో వనభోజనాలు సీతానగరం వైపు గోదావరి గట్టున ఒక మామిడితోటలో పెట్టుకుంటున్నామని చెప్పగానే, వెనక వరసలోంచి ఎవరో "అయితే ఈత కూడా ఉందన్నమాట" అన్నారు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. సమావేశం అయ్యాక కార్యదర్శిగారి దగ్గరకు వెళ్ళి, వచ్చేసారి నాకు ఓ అరగంట మైకు ఇప్పించండి అని అడిగాను. ముప్పై అయిదేళ్ళ సర్వీసులో నేనెప్పుడూ మైకు అడిగినవాణ్ణి కాను. ఫైళ్ళు రాసిన చేయే తప్ప సభల్లో మాట్లాడిన నోరు కాదు నాది. తప్పులుంటే మన్నించండి.

ఒక మాట ముందే మనవి చేస్తాను. ఈత వద్దని చెప్పడానికి నేను లేవలేదు. గోదావరి పక్కన పుట్టి, గోదావరి నీళ్ళు తాగి, నీళ్ళలోకి దిగవద్దని చెప్పే అధికారం నాకెక్కడిది? ఎలా దిగాలో, ఎక్కడ దిగాలో, దిగేముందు ఎవరిని అడగాలో చెబుదామనే లేచాను. ఆ అడగడం అనే పని చేయక నేను ఏం పోగొట్టుకోబోయానో కూడా చెబుతాను.

నేను పుట్టింది కోనసీమలో, వశిష్ఠ గోదావరి గట్టున ఉన్న ఊళ్ళో. మా కాలంలో ఈత నేర్పేవారంటూ వేరే లేరు. ఎండిన ఆనపబుర్రలు రెండు నడుముకు కట్టి నీళ్ళలో వదిలేసేవారు. బుర్రలు లేనివాడికి అరటిబోదె. కొన్నాళ్ళకు ఒక బుర్ర తీసేసేవారు. ఇంకొన్నాళ్ళకు రెండోదీ పోయేది. మా రేవు దాటించే పడవ నడిపే ముసలాయన ఒకాయన ఉండేవాడు. మేమంతా పడవ తాత అనేవాళ్ళం. ఏ రోజయినా ఆయన గెడ దించి చూసి "ఇక్కడ" అంటేనే మేము దిగాలి. నిన్న దిగిన చోటే కదా తాతా అంటే, "నిన్నటి నీళ్ళు ఈపాటికి అంతర్వేది పోయాయిరా" అనేవాడు. నీళ్ళ సంగతే చెబుతున్నాడనుకున్నాం. అడుగున ఉన్న ఇసుక సంగతి కూడా చెబుతున్నాడని తెలుసుకోవడానికి నాకు అరవై ఆరేళ్ళు పట్టింది.

వెల్లకిలా తేలడం కూడా ఆయనే నేర్పాడు. మీలో ఈత తెలిసినవారికి ఆ సుఖం చెప్పనక్కరలేదు. చెవులు నీళ్ళలో మునిగితే ఊరి చప్పుళ్ళన్నీ ఆగిపోతాయి. దూరాన పోయే పడవ చప్పుడు మాత్రం పక్కనే ఉన్నట్టు వినబడుతుంది. పైన ఆకాశం, వీపు కింద నది. పరీక్ష తప్పినా, ఇంట్లో తిట్లు తిన్నా, ఆ పది నిమిషాలు ఏదీ గుర్తుండేది కాదు. సర్వీసులో చేరాక కూడా సెలవుకు ఇంటికి వెళ్ళినప్పుడల్లా ముందు రేవుకు వెళ్ళి, తర్వాతే ఇంటికి వెళ్ళేవాణ్ణి. మా అమ్మ తడి తల చూసి నవ్వేది.

1973లో నీటిపారుదల శాఖలో గుమాస్తాగా చేరాను. గేజి రీడింగులు కాపీ చేయడం, వరద రోజుల్లో పై ఆఫీసుకు సందేశాలు రాసి పంపడం నా పని. 1986 ఆగస్టు వరదలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరిందన్న అంకె ఎవరో చదువుతుంటే రాసుకుంటూ, తప్పు విన్నానేమోనని మళ్ళీ అడిగాను. అలాంటి అంకెల మధ్య ముప్పై అయిదేళ్ళు గడిపినవాణ్ణి కనుక నదీ, దాని లెక్కా నాకు తెలుసన్న ధీమా ఒకటి ఏర్పడింది. ఆ ధీమా గురించే ఇప్పుడు చెప్పాలి.

2016 సంక్రాంతికి మా అమ్మాయి, అల్లుడుగారు, మనవడు హైదరాబాదు నుంచి వచ్చారు. అందరం మా ఊళ్ళో తమ్ముడి ఇంట్లో పండుగ చేసుకున్నాం. మనవడికి అప్పుడు పన్నెండేళ్ళు. వాళ్ళ అపార్టుమెంటు కొలనులో మాస్టారి దగ్గర ఈత నేర్చుకుని, స్కూలు పోటీల్లో కప్పులు కూడా తెచ్చుకున్నాడు. కనుమ మర్నాడు పొద్దున్నే వాణ్ణి రేవుకు తీసుకెళ్ళాను. "నీ కొలనుకు గోడలున్నాయిరా, నా కొలనుకు లేవు, చూద్దువుగాని రా" అన్నాను గొప్పగా.

రేవులో ఒకావిడ బట్టలు ఉతుకుతోంది. ఆవిణ్ణి దాటుకునే దిగాం. నీళ్ళు తేటగా ఉన్నాయి, వేగం లేదు. అయిదారడుగులు మోకాలి లోతు, ఆ తర్వాత మొలలోతు, ఇంకా పోతే రొమ్ము లోతు. కళ్ళు మూసుకుని చెప్పగలను. యాభై ఏళ్ళ పరిచయం. వాడు నన్ను దాటి రెండడుగులు ముందుకు వేశాడు. అంతే, మనిషి లేడు. కేక లేదు, నీళ్ళు చిమ్మింది లేదు. నేను వాడి కోసం అడుగు వేశాను. కాలి కింద ఇసుక జారిపోయింది. నేనూ మునిగాను.

పైకి వచ్చేసరికి వాడు నా మెడ పట్టుకున్నాడు. కప్పులు తెచ్చుకున్న పిల్లవాడికి ఈత ఏమైందని అడగకండి. కాలికి నేల అందక, నోట్లోకి నీళ్ళు పోయి, చలికి ఊపిరి పట్టేస్తే ఎంత ఈత వచ్చినా గుర్తురాదు. నాకూ రాలేదు. పదేళ్ళుగా బి.పి. మాత్రలు వేసుకుంటున్న శరీరం నాది. నాలుగు బారలు వేసేసరికి గుండె గొంతులోకి వచ్చింది. ఇద్దరం మరోసారి మునిగాం. ఆ క్షణంలో నాకు దేవుడు గుర్తురాలేదు. వీడి అమ్మకు ఏం చెప్పాలి అన్న మాటే గుర్తొచ్చింది.

బట్టలు ఉతుకుతున్న ఆవిడ నీళ్ళలోకి దూకలేదు. అందువల్లే మేమిద్దరం బతికాం. ఉతుకుతున్న తడి చీర తీసి, కొస ముడివేసి, గట్టి నేల మీద మడమలు ఊని కూర్చుని మా వైపు విసిరింది. మొదటిసారి అందలేదు. రెండోసారి నా భుజం మీద పడింది. "తాతగారూ, చీర పట్టుకోండి! బాబును వదలకండి, కొట్టుకోకండి!" అని కేకలు వేస్తూనే ఉంది. చీర పట్టుకున్నాక ఒక్కో చేరా లాగి ఒడ్డుకు చేర్చింది.

నాకు మాట వచ్చాక ఆవిడ అన్న మాటలు ఇవి: "పోయిన ఎండాకాలం ఇక్కడ మిషన్లు పెట్టి ఇసక తోడేశారండి. రెండు నిలువుల పైనే ఉంటాదండి. మా పిల్లల్నే దిగనివ్వమండి. ఒక్క మాట అడిగితే చెప్పేదాన్ని కదండీ."

ఒక్క మాట. ఆవిణ్ణి దాటుకునే కదా దిగాను! కానీ నేనేం అడుగుతాను? మా ఊరు, నా రేవు. నీటిపారుదల శాఖలో పనిచేసినవాణ్ణి. అడగడం చిన్నతనం అనిపించింది కాబోలు.

తర్వాత చేసిన తప్పు కూడా చెబుతాను, ఎందుకంటే అది ఇంకా పెద్దది. ఇంటికి వచ్చే దారిలో "అమ్మకు చెప్పకురా" అన్నాను. వాడు తల ఊపాడు. మధ్యాహ్నానికి వాడికి దగ్గు మొదలైంది. చలి అనుకున్నారంతా. నేను నోరు విప్పలేదు. రాత్రి అన్నం దగ్గర ఆయాసం వస్తుంటే వాడే చెప్పేశాడు. మా అమ్మాయి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. చేయి కడుక్కుని వాణ్ణి కారు ఎక్కించింది. ఆసుపత్రిలో ఒక రాత్రి, ఒక పగలు ఆక్సిజను పెట్టారు. ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు పోయినవాళ్ళు పైకి బాగానే ఉన్నా కొన్ని గంటల తర్వాత ఇబ్బంది పడవచ్చనీ, మునిగి బయటపడి దగ్గుతున్న ఎవరినైనా వెంటనే తీసుకురావాలనీ డాక్టరుగారు చెప్పారు. పొద్దున్నే ఎందుకు తీసుకురాలేదని అడిగితే మా అమ్మాయి నా వైపు చూసింది. ఆ చూపు నేను మర్చిపోలేదు.

మిత్రులారా, ఇసుక గుంట సంగతి కాస్త వివరంగా చెప్పాలి. నది తనంతట తాను చేసిన లోతు ఎక్కువగా మలుపుల్లో ఉంటుంది. మలుపుకు బయటి వైపు నీరు గట్టును కోస్తుంది, అక్కడ మడుగు పడుతుంది. లోపలి వైపు ఇసుక మేట వేస్తుంది, అక్కడ నేల మెల్లగా దిగుతుంది. అందుకే నిటారుగా తెగిన గట్టు కింద దిగకూడదని, తిన్నె ఉన్న వైపు దిగాలని పెద్దలు చెప్పేవారు. ఆ మాట ఇప్పటికీ నిజమే. కానీ మనిషి మిషన్లతో తవ్విన గుంటకు మలుపుతో పనిలేదు. సరిగ్గా ఆ తిన్నె పక్కనే, మనం క్షేమం అనుకునే చోటే ఉంటుంది, ఎందుకంటే ఇసుక ఉన్నదక్కడే. దాని అంచు గోడలా నిలువుగా ఉంటుంది. అంచున నిలబడితే మనిషి బరువుకు విరిగి జారుతుంది. పైన నీరు మాత్రం మిగతా నీటిలాగే మెరుస్తూ ఉంటుంది. వరద వచ్చి పూడ్చవచ్చు, పూడ్చకపోవచ్చు, ఉన్న గుంటను పక్కకు జరపనూవచ్చు. కనుక పోయినేడు దిగాం అన్నది ఈ ఏటికి సాక్ష్యం కాదు. 2025 మేలో కోనసీమలో గోదావరి స్నానానికి దిగిన ఎనిమిది మంది యువకులు మునిగి చనిపోయారు. ఆ వార్త చదివిన రోజు నేను అన్నం తినలేకపోయాను.

మరి చోటు ఎలా ఎంచుకోవాలి? నా పద్ధతి చెబుతాను. ముందు గట్టు మీదే పావుగంట కూర్చుంటాను. ఎవరు ఎక్కడ దిగుతున్నారు, గేదెలు ఎక్కడ దిగుతున్నాయి, పిల్లలు ఎక్కడ ఆడుతున్నారు, ఏ చోటు ఖాళీగా ఉంది అని చూస్తాను. మంచి ఎండలో కూడా ఖాళీగా ఉన్న అందమైన చోటు ఉందంటే దానికో కారణం ఉంటుంది. నీటి రంగు చూస్తాను. అడుగు కనిపిస్తూ లేత పసుపుగా ఉంటే లోతు తక్కువ, ముదురు పచ్చగా, నల్లగా ఉంటే లోతు. చిన్న అలలతో గలగలమంటే కింద రాళ్ళు. నున్నగా, నిశ్శబ్దంగా ఉన్న నీరే లోతైనది కావచ్చు. తర్వాత ఒక ఎండుటాకు వేసి గట్టు వెంట దానితో నడుస్తాను. నా మామూలు నడకను అది దాటిపోతే ఆ రోజు చెంబుతో స్నానమే. ఆకు ఒకేచోట గుండ్రంగా తిరిగితే ఆ చోటు వదిలేయాలి. దిగే చోటు కంటే ముందు, కొట్టుకుపోతే ఎక్కగలిగే చోటు ఎక్కడుందో దిగువన చూసుకోవాలి. ఎక్కే చోటు లేని మడుగు ఎంత బాగున్నా మనది కాదు.

ఆ తర్వాత అడుగుతాను. వల వేసేవారిని, పడవ నడిపేవారిని, బట్టలు ఉతికేవారిని. "లోతు ఉందా?" అని అడిగితే "లేదండి, పర్లేదండి" అంటారు. వారి ఈతకు అది పర్వాలేదు మరి. అడగవలసింది అలా కాదు. ఈ ఏడు ఇక్కడ ఎవరైనా పోయారా? ఇసుక ఎక్కడ తీశారు? మీ పిల్లలు ఎక్కడ దిగుతారు? వలలు, గేలం తాళ్ళు ఎక్కడ కట్టారు? పైనుంచి నీళ్ళు ఏ వేళప్పుడు వస్తాయి? ఈ అయిదు మాటలకు జవాబులు వస్తే మన పని సగం అయినట్టే.

దిగేటప్పుడు చేతిలో ఆరడుగుల కర్ర ఉండాలి. ముందు కర్ర, తర్వాత కాలు. కర్ర అందని చోటికి కాలు పోకూడదు. కాలి కింద ఇసుక మెత్తగా కుంగుతుంటే వెనక్కి తిరగాలి. తల ముందుగా దూకడం ఏ వయసువారికీ, ఏ మడుగులోనూ పనికిరాదు. అడుగున ఉన్న బండ తగిలి మెడ విరిగితే జీవితాంతం మంచమే. లుంగీ, పంచె కాళ్ళకు చుట్టుకుంటాయి, నిక్కరు వేసుకోండి. మన సోదరీమణులు చీరలతో లోపలికి వెళ్ళకుండా ఘాట్ల దగ్గర గొలుసు పట్టుకునో, మెట్ల మీద కూర్చునో స్నానం చేయడం మేలు. ఆ మెట్ల మీద పాకుడు సంగతి మీకు తెలుసు. మన సంఘంలో తుంటి ఎముక విరిగినవారిలో ఇద్దరికి అది మెట్ల మీదే విరిగింది, నీళ్ళలో కాదు.

కార్తీక పౌర్ణమి స్నానం గురించి ఒక విశేషం. ధవళేశ్వరం బ్యారేజీకి పైన ఉన్న మనకు ఇది పట్టదు గానీ, కోనసీమ, నర్సాపురం, యానాం వైపు బంధువులున్నవారు వినాలి. అక్కడ సముద్రపు పోటు నదిలోకి వస్తుంది. రోజుకు రెండుసార్లు ఎక్కుతుంది, రెండుసార్లు దిగుతుంది, మర్నాటికి సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. అమావాస్యకు, పౌర్ణమికి పోటు ఎక్కువ. అంటే మనం పుణ్యమని దిగే పౌర్ణమి నాడే నీటి లాగుడు కూడా ఎక్కువ. పోటు దిగేటప్పుడు నీరు సముద్రం వైపు లాగుతుంది. పోటు ఎక్కి, నీరు కాసేపు నిలిచినట్టుండే సమయం ఒకటుంది. స్థానికులు ఆ వేళ చూసే దిగుతారు. వారిని అడిగి దిగండి. పుణ్యం అరగంట ఆగుతుంది.

బ్యారేజీ దగ్గర, పైనా కిందా కూడా, ఈత మాటే వద్దు. ధవళేశ్వరం బ్యారేజీకి నాలుగు భాగాల్లో కలిపి 175 గేట్లున్నాయి. ఎప్పుడు ఏది ఎత్తుతారో గట్టు మీద ఉన్నవాడికి తెలియదు. ఎత్తిన గేటు పైన నీరు కిందికి లాగుతుంది, గేటు దాటిన నీరు వెనక్కి మడిచి తిరుగుతుంది. ఆ తిరగలిలో పడిన మనిషిని అది అక్కడే తిప్పుతుంది తప్ప వదలదు. ఇంకో సంగతి. వరదల్లో ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది అని పేపర్లో చదువుతాం. "ఇంకా మొదటి హెచ్చరికే రాలేదు కదా" అని స్నానానికి దిగేవారున్నారు. ఆ అంకెలను ఎన్నోసార్లు రాసినవాడిగా చెబుతున్నాను, అవి ఊళ్ళ కోసం, లంకల కోసం పెట్టినవి. ఈతగాడి కోసం పెట్టినవి కావు. ఎర్రనీరు వచ్చిందంటే ఈతగాడికి అదే మూడో హెచ్చరిక.

పిల్లలు, మనవలు ఎక్కువగా వెళ్ళేది మారేడుమిల్లి వైపు. కొండవాగుల మడుగులు చూడముచ్చటగా ఉంటాయి, నిజమే. కానీ గోదావరి పెరగడానికి గంటలు, రోజులు పడితే, కొండవాగు పెరగడానికి నిమిషాలు చాలు. మన నెత్తిన ఎండ ఉంటుంది, వాన పై కొండ మీద పడుతుంది. 2024 సెప్టెంబరులో జలతరంగిణి జలపాతం దగ్గర అలాగే ముగ్గురు వైద్య విద్యార్థులు చనిపోయారు. నీటి రంగు మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, వాగు చప్పుడు మారినా వెంటనే పైకి ఎక్కేయాలి. బట్టలు, సెల్‌ఫోను, చెప్పులు అని వెనక్కి చూడకూడదు. పై కొండల మీద మబ్బు కమ్మితే అసలు దిగనే కూడదు.

అలాగే ఆనకట్టలకు దిగువన ఉండే నదులు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది మధ్య రాళ్ళ మీద నిలబడిన మన హైదరాబాదు ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది పైన లార్జీ డ్యాము నుంచి నీరు వదలడంతో కొట్టుకుపోయారు. వారిలో ఎవరూ ఈతకు దిగలేదు. మోకాలి లోతు నీళ్ళలో రాళ్ళ మీద ఫొటోలు తీసుకుంటున్నారు. కరెంటు ఉత్పత్తి చేసే చోట నీళ్ళు కరెంటు అవసరాన్ని బట్టి వదులుతారు, వానను బట్టి కాదు. మన పిల్లలు ఎక్కడికి విహారయాత్రకు వెళ్ళినా, పైన డ్యాము ఉందా అని అడగమని చెప్పండి.

ఇక మన వయసు సంగతి. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చుకోవాలంటే ముందు లైఫ్ ఉండాలి కదా! చల్లటి నీళ్ళు ఒక్కసారిగా ఒంటికి తగిలితే ఊపిరి పట్టేస్తుంది, గుండె వేగం, బి.పి. పెరుగుతాయి. సంకల్పం చెప్పుకుని ముందు తల మీద నీళ్ళు చల్లుకోవడం, చెంబుతో పోసుకోవడం మన ఆచారంలో ఉండనే ఉంది. అది చేసి, ఊపిరి సర్దుకున్నాకే లోపలికి నడవండి. గుండె ఆపరేషన్ అయినవారు, ఫిట్స్ ఉన్నవారు డాక్టరును అడగకుండా దిగవద్దు. షుగరు ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తక్కువ. గుల్ల తెగినా, ముల్లు గుచ్చుకున్నా తెలియదు, ఇంటికి వెళ్ళి పాదాలు తిప్పి చూసుకోవాలి. పాత రబ్బరు బూట్లు ఉంటే వేసుకునే దిగండి, ఎవరూ నవ్వరు. మందు తాగినవారు నీళ్ళ దగ్గరకే రాకూడదు. మన సంఘంలో అలాంటివారు లేరనుకోండి, అల్లుళ్ళకు చెప్పండి. పులిహోర, బొబ్బట్లు తిన్నాక బి.పి. తగ్గి కళ్ళు తిరగడం మన వయసులో ఉన్నదే, కనుక ముందు స్నానం, తర్వాత భోజనం. కార్యక్రమం కూడా అలాగే వేయమని కార్యదర్శిగారికి మనవి.

ఎవరైనా మునుగుతుంటే ఎలా తెలుస్తుంది? సినిమాలో లాగా చేతులు ఊపి "రక్షించండి" అని అరవరు. అరవడానికి ఊపిరి ఉండాలి. తల వెనక్కి వాల్చి, నోరు నీటి మట్టానికి పైకీ కిందికీ ఆడుతూ, నిచ్చెన ఎక్కుతున్నట్టు చేతులు ఆడిస్తారు. "ఏరా, బాగానే ఉన్నావా?" అని పిలవండి. జవాబు రాకపోతే బాగాలేడన్నమాటే. దూకకండి. ఇది మాత్రం చేతులు జోడించి చెబుతున్నాను. కర్ర అందించండి, తాడు విసరండి, పంచె విసరండి, మూత గట్టిగా బిగించిన ఖాళీ డబ్బా విసరండి. బోర్లా పడుకునో, కూర్చునో లాగండి, నిలబడి లాగితే మీరే పడతారు.

బయటికి తీశాక కడుపు నొక్కడం, తలకిందులుగా వేలాడదీయడం, కుండ మీద బోర్లా వేసి తిప్పడం మన చిన్నప్పుడు చూశాం. అవి చేయకూడదు. కడుపులోని నీళ్ళు, అన్నం ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ముందు ఊపిరి ఊదాలి. నీళ్ళలో మునిగినవారికి మొదట కావలసింది గాలి. ఆ తర్వాత రొమ్ము మధ్య గట్టిగా, వేగంగా 30 సార్లు నొక్కాలి, రెండుసార్లు ఊదాలి, అంబులెన్సు వచ్చేవరకు ఆపకూడదు. ఈలోగా పక్కవారు 108కి ఫోను చేయాలి. వింటే కష్టం అనిపిస్తుంది గానీ, ఒక్కసారి చేసి చూస్తే వస్తుంది. ప్రభుత్వాసుపత్రిలో పనిచేసి రిటైరైన నర్సు అమ్మలు మన సంఘంలో ఉన్నారు. ఆ రోజు తోటలో ఒక దిండు పెట్టి అందరికీ చూపించమని వారిని కోరుతున్నాను.

మా మనవడు ఆ తర్వాత ఏడేళ్ళు నీళ్ళలో దిగలేదు. కొలను మానేశాడు, కప్పులు అటక మీదకు వెళ్ళాయి. నేను కూడా అడగలేదు, అడిగే ముఖం లేక. ఇంజనీరింగ్ చదువుతూ ఉండగా 2023 వేసవిలో వాడే వచ్చి "తాతయ్యా, గోదావరికి వెళ్దామా?" అన్నాడు. మా అమ్మాయి వద్దనలేదు, తనూ వస్తానంది. రాజమండ్రికి పైన ఒక రేవులో దిగాం. ముందు వల బాగుచేసుకుంటున్న ఒకాయన దగ్గర వాడే కూర్చుని ఆ అయిదు మాటలూ అడిగాడు. కర్ర వాడే పట్టుకున్నాడు. మా అమ్మాయి గట్టున తాడు కొస చేతికి చుట్టుకుని నిలబడింది. నేను మొలలోతు దాటలేదు. వాడు పడవ తాత నాకు నేర్పినట్టే వెల్లకిలా తేలి, చెవులు ముంచి, "తాతయ్యా, పడవ పక్కనే ఉన్నట్టుంది!" అన్నాడు. పడవ అవతలి గట్టు దగ్గర ఉంది.

చీర విసిరిన ఆవిడ ఇంటికి మా అమ్మాయి ఏటా సంక్రాంతికి చీర పట్టుకెళుతుంది. మొదటిసారి ఇచ్చినప్పుడు ఆవిడ కొస పట్టుకుని లాగి చూసి, "గట్టిదేనండి" అంది.

సరే, మన వనభోజనాల రోజుకు కావలసినవి చెప్పి కూర్చుంటాను. నీళ్ళలో తేలే ప్లాస్టిక్ తాడు ఇరవై గజాలు నేను తెస్తాను. ఆరడుగుల వెదురు కర్రలు నాలుగు కావాలి, తోట యజమానిగారిని అడగవచ్చు. ఖాళీ అయిన ప్లాస్టిక్ నూనె డబ్బాలు రెండు, మూతలతో సహా, వంటల కమిటీవారు పారేయకుండా నాకు ఇవ్వాలి. దిగేవారి పేర్లు ఒక కాగితం మీద రాసుకుని, ఎక్కాక టిక్కు పెట్టడానికి గట్టున ఒకరు ఉండాలి. ఆ పని నాకివ్వండి, హాజరు పట్టీ రాయడం నాకు అలవాటే. ముందురోజు సాయంత్రం నేను, మరో ఇద్దరు వెళ్ళి అక్కడి జాలర్లను కలిసి వస్తాం. వారు దిగవద్దంటే చెంబులు సిద్ధంగా ఉన్నాయి. ఎవరైనా నాతో వస్తామంటే సమావేశం అయ్యాక పేరు ఇవ్వండి.